మిషనమ్మ సెలవు

తెల్లారేసరికే ఆ ఇంట్లో ఎవరి కాళ్ళూ నేల మీద నిలవడం లేదు. నాటకం వాళ్ళు ట్రయలుకి వచ్చే రోజు మరి. వీధి గదిలో కుట్టుమిషను టకటకలాడిపోతోంది. మధ్య గదిలో రాజుగారి కోటు, మంత్రిగారి కోటు, భటుల చొక్కాలు కుర్చీల వీపులకి తగిలించి ఉన్నాయి. మనుషులకి కూర్చునే చోటు లేక, మామ్మ టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"రాజుగారు లేస్తే నేను కూర్చుంటాను," అంది కోటు వంక చూస్తూ.

"ఆయన శనివారం దాకా లేవడమ్మా," అన్నాడు ఆవిడ కొడుకు, ఇస్త్రీ పెట్టె మీంచి చూపు తిప్పకుండా.

వీధి గదిలో మిషను ముందు కూర్చున్నది ఆ ఇంటి కోడలు. ఆవిడకి చక్కని పేరుంది గానీ దాంతో ఎవరికీ పనిపడలేదు. వీధి మొత్తానికీ ఆవిడ మిషనమ్మ. కొట్టుకి యజమానీ ఆవిడే, పనివాళ్ళూ ఆవిడే. మొగుడు పనిచేసే ప్రెస్సు మూతబడ్డాక ఆయన కూడా ఈ కొట్లోనే చేరి గుండీలు, కాజాలు, ఇస్త్రీ చూసుకుంటున్నాడు. అందువల్ల ఆయన ఇస్త్రీ మాస్టారు అయ్యాడు. వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటున్న కూతురు అమ్మడు కూడా ఈ సంబరం చూడాలని సెలవు పెట్టి వచ్చింది.

సంబరం కాక మరేమిటి? ఇన్నేళ్ళూ మిషనమ్మ కుట్టినవి ఆఫీసులకి వెళ్ళాయి, బడికి వెళ్ళాయి, పెళ్ళిళ్ళకి వెళ్ళాయి. స్టేజీ మాత్రం ఎక్కలేదు. ఇప్పుడు ఊళ్ళో కొత్త నాటకశాల తెరుస్తున్నారు. శనివారం మొదటి ఆట. వేషాలన్నిటికీ బట్టలు కుట్టే పని ఆవిడకిచ్చారు. మలుపులో అంటించిన పోస్టరు మీద అట్టడుగున "దుస్తులు" అని, దాని పక్కన ఆవిడ పూర్తి పేరూ అచ్చు వేశారు. గేటు దాటి బయటికి రాని మామ్మ ఆ పోస్టరు దగ్గరికి వెళ్ళి, దారిన పోయేవాళ్ళని ఆపి, "ఇదిగో, ఈ పేరు మా కోడలిది," అని చూపించి వచ్చింది. ఒకావిడ, "ఓహో, మిషనమ్మ అసలు పేరు ఇదా?" అందిట. మామ్మ ఇంటికొచ్చి ఆ మాట పదిసార్లు చెప్పుకుని నవ్వింది.

అమ్మడు పళ్ళెంలో రొట్టె, గుడ్డు పెట్టుకుని వీధి గదిలోకి వచ్చింది. మిషను పక్కన స్టూలు మీద రాత్రి పెట్టిన పళ్ళెం అలాగే ఉంది.

"అమ్మా, రాత్రి తినలేదా?"

"తిన్నానే."

"మరి ఇదేంటి?"

"అదీ తింటాలే. ముందు కాస్త టీ ఇయ్యి, పంచదార ఎక్కువ వెయ్యి. కళ్ళు తిరిగినట్టుంది."

"కళ్ళు తిరుగుతుంటే లేచి కాసేపు పడుకోవాలి గానీ టీ ఏంటమ్మా?"

"ఈ ఆర్డరు అయ్యాక పడుకుంటా."

ఆ ఇంట్లో 'ఈ ఆర్డరు అయ్యాక' అనేది ఒక తేదీ. పన్ను పీకించుకోవడం, కళ్ళజోడు మార్చుకోవడం, సముద్రం చూడ్డానికి వెళ్ళడం, అన్నీ ఆ తేదీకే రాసిపెట్టి ఉన్నాయి. ఏ క్యాలెండరులోనూ అది ఇంతవరకూ రాలేదు. ఒక ఆర్డరు అయ్యేలోపు ఇంకోటి గుమ్మంలో నిలబడి ఉండేది. వచ్చినవాళ్ళని పొమ్మంటే పక్క వీధి కొట్టుకి పోతారు, ఒకసారి పోయినవాళ్ళు మళ్ళీ రారు అని మిషనమ్మ లెక్క. అందుకే ఆవిడ నోటమ్మట 'కాదు' అన్న మాట ఎవరూ వినలేదు.

"చిక్కిపోయావమ్మా," అంది అమ్మడు, తల్లి మెడ కింద తేలిన ఎముక వంక చూస్తూ.

"ఎక్కడే? ఈ స్కర్టు చూడు, నడుముకి అతికినట్టు లేదూ? చిక్కితే జారిపోదా?"

స్కర్టు నిజంగానే అతికినట్టుంది. టైలరు చెప్పిన మాటకి ఇంక తిరుగేముంది? అమ్మడు ఊరుకుంది.

"కష్టపడే ఒళ్ళు అలాగే ఉంటుంది," అంది మామ్మ గుమ్మంలోంచి. "కూర్చుంటే లేవదు మా కోడలు. మంచినీళ్ళు తాగితే లేవాల్సొస్తుందని అవి కూడా మానేసింది. ఈ కాలంలో ఎవరున్నారు అంత పంతంగా పనిచేసేవాళ్ళు?"

మామ్మ ఈ మాట గొప్పగానే చెప్పింది. మిషనమ్మ గొప్పగానే విని, తల వంచుకుని నవ్వుకుంది. అంతలో మిషను ఒక్కసారిగా సర్రున పరిగెత్తి కుట్టు పక్కకి పోయింది.

"ఏమండీ, ఈ మోటారు మళ్ళీ పిచ్చెక్కినట్టు ఉరుకుతోంది."

"మొన్ననే విప్పి చూశానుగా," అన్నాడు మాస్టారు లోపల్నుంచి. "మోటారుకేం రోగం లేదు. కాలు కాస్త మెల్లగా వెయ్యి."

"మెల్లగానే వేస్తున్నానండీ."

ఆవిడ ఎప్పుడూ వట్టి కాలితోనే పెడలు తొక్కుతుంది. చెప్పులుంటే పెడలు మీద పట్టు తెలీదంటుంది.

నాటకం వాళ్ళు రావడమే ఒక ఊరేగింపులా వచ్చారు. ముందు డైరెక్టరుగారు. మనిషి పొట్టి, గొంతు మాత్రం చివరి వరసకి వినిపించేది. ఇంట్లో కూడా ఆ గొంతుతోనే మాట్లాడతాడు. ఆయన వెనక రాజు, రాణి, మంత్రి, భటులు, చివర యువరాణి. రాజుకి కొలతలు తీసుకున్న తర్వాత పొట్ట పెరిగింది. కోటు మధ్య గుండీ పట్టలేదు.

"ఊపిరి బిగబట్టండి రాజావారూ," అన్నాడు మాస్టారు.

"బిగబట్టి డైలాగులెలా చెప్పనండీ?"

"చిన్న చిన్న డైలాగులు చెప్పండి," అంది మామ్మ. అందరూ గొల్లున నవ్వారు.

మిషనమ్మ ముఖం వెలిగిపోతోంది. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు, చేతిలో సుద్దముక్క. ఒకళ్ళ భుజం సర్దుతుంది, ఇంకొకళ్ళ చెయ్యి పట్టి వెలుగులోకి తిప్పుతుంది. మంత్రి కోటు వీపు మీద గీత గీసి, "ఇక్కడ ఒక్క కుట్టు, అయిపోయింది," అంటుంది. ఇంత మంది మధ్య, ఇంత హడావిడిలో తల్లి చేతులు ఎలా ఆడుతున్నాయో చూస్తూ అమ్మడు నిలబడిపోయింది. తన ఆఫీసులో ఎవరికీ పని మీద ఇంత ఇష్టం లేదనిపించింది.

యువరాణి తెల్ల గౌను వేసుకుని బయటికి రాగానే అందరి కళ్ళూ అటు తిరిగాయి. గౌను వెనక కుచ్చెళ్ళు నేల మీద ఎంతో దూరం పరుచుకున్నాయి.

"అద్భుతం," అన్నాడు డైరెక్టరుగారు, మొదటిసారి మెల్లగా.

మిషనమ్మ ఆ అమ్మాయి చుట్టూ తిరుగుతూ, అంచు సర్దుతూ, వెనక్కి నడిచి చూస్తూ, మళ్ళీ ముందుకొస్తోంది. అంతలో మంత్రిగారు వేలు పెట్టి చూపించాడు.

"అమ్మా, మరక."

తెల్లటి కుచ్చెళ్ళ మీద ఎర్రటి చుక్క. దాని పక్కన ఇంకోటి. ఆ పక్కన ఇంకోటి.

అందరికీ గుండె గుభేలుమంది, గౌను కోసం. "ఎవరి చేతికి గుచ్చుకుంది? పాపా, నీకేనా?" అంటూ మిషనమ్మ అందరి చేతులూ తిప్పి తిప్పి చూసింది. "చల్లనీళ్ళు తెండి, రుద్దకండి, అద్దండి చాలు," అంటూ అటూ ఇటూ పరిగెత్తింది. ఆవిడ ఎటు పరిగెత్తితే అటు చుక్కలు పడ్డాయి.

అమ్మడు ఆ చుక్కల వెంటే చూసుకుంటూ వెళ్ళింది.

"అమ్మా, ఆగు. ఆ కాలు ఎత్తు."

మిషనమ్మ గోడ పట్టుకుని కాలు ఎత్తింది. అరికాల్లో గుండుసూది ఉంది. తల మాత్రమే బయటికి కనబడుతోంది, మిగతాదంతా లోపలే.

"అరె, ఎప్పుడు గుచ్చుకుందో," అంది మిషనమ్మ. వంగి, సూదిని లాగి, కొంగు లేకపోవడంతో చొక్కా అంచుకే తుడిచి, సూదులు గుచ్చే మెత్త మీద గుచ్చేసింది. ముఖంలో చీమ కుట్టిన పాటి బాధ కూడా లేదు. "ఊఁ, పాపా, ఇటు తిరుగు."

యువరాణి తిరగలేదు.

"నొప్పి లేదామ్మా?" అంది అమ్మడు.

"లేదే. పని మీద ధ్యాస ఉంటే నొప్పేం తెలుస్తుంది?"

అమ్మడు నేల మీద కూర్చుని తల్లి పాదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. బొటనవేలి కింద రాణిగారి గౌను లైనింగు ముక్క కట్టు కట్టి ఉంది. విప్పింది. లోపల పుండు, చుట్టూ నల్లగా. వాసన వేసింది. ఆ పుండు మీద వేలు పెట్టి అమ్మడు మెల్లగా నొక్కింది, తర్వాత గట్టిగా నొక్కింది. మిషనమ్మ పైన గౌను నడుము సర్దుతూనే ఉంది.

తల్లి ఉలిక్కిపడి ఉంటే బాగుండేది. అరిచి, కాలు లాక్కుని, 'ఏంటే నీ పని' అని కసిరి ఉంటే ఎంతో బాగుండేది.

"డాక్టరు దగ్గరికి వెళ్దాం పద," అంది లేచి.

"శనివారం అయ్యాక వెళ్దాం."

"ఇప్పుడే."

"ఏమే, మతి గానీ పోయిందా? ఇంతమందిని పిలిచి నించోబెట్టి నేను వెళ్ళిపోనా? చిన్న సూదికి ఇంత రాద్ధాంతమా?"

"మేం మళ్ళీ వస్తామమ్మా," అన్నాడు డైరెక్టరుగారు.

"మీరెవరూ కదలొద్దు." మిషనమ్మ గొంతు లేచింది. నాటకం వాళ్ళు కదలకుండా నిలబడిపోయారు. ఆవిడ మంత్రి కోటు లాక్కుని మిషను ముందు కూర్చుని పెడలు మీద కాలు వేసింది. మిషను మళ్ళీ సర్రున ఉరికింది.

అప్పుడు మాస్టారు వచ్చాడు. పెళ్ళైన దగ్గర్నుంచి భార్య మాటకి ఎదురు చెప్పని మనిషి. మిషను పక్కకి వెళ్ళి, వంగి, ప్లగ్గు పీకి, ఆ వైరు చేతికి చుట్టుకున్నాడు.

గదిలో అందరికీ ఆ నిశ్శబ్దం వింతగా అనిపించింది. ఆ ఇంట్లో పగటిపూట మిషను చప్పుడు లేకపోవడం ఎవరికీ అలవాటు లేదు.

"అది పెట్టండి," అంది మిషనమ్మ.

"పెట్టను."

"నా పేరు అచ్చేశారండీ అక్కడ. మొదటిసారి. ఊరంతా చూసింది. ఇప్పుడు చెయ్యలేనంటే రేపట్నుంచి ఈ గుమ్మం ఎవరు తొక్కుతారు?"

"తొక్కకపోతే మానేస్తారు."

"మానేస్తే తినేదేంటి? మీ ప్రెస్సు పోయిననాడు ఈ మిషనే కదా నిలబెట్టింది?" అంది. అన్న వెంటనే నాలిక కరుచుకుంది గానీ మాట బయటికి వచ్చేసింది. మాస్టారు ముఖం మాడిపోయింది. వైరు మాత్రం వదల్లేదు.

"నాన్నని ఎందుకంటావు?" అంది అమ్మడు. "నీకు బాగోలేదమ్మా. ఒంట్లో బాగోలేకపోతే నేను ఆఫీసుకి సెలవు పెట్టనూ?"

మిషనమ్మ కూతురి వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళు, కోపం కలిసిపోయాయి.

"నీకు ఆఫీసరున్నాడు, అడుగుతావు. ఆయన సరేనంటాడు, జీతమూ ఇస్తాడు. నేనెవరిని అడగను సెలవు? ఈ మిషనునా? ఈ గోడనా? చెప్పు, ఎవరిని అడగమంటావు?"

మామ్మ గుమ్మంలోంచి వచ్చి కోడలి కాలు వంక వంగి చూసింది. ఆ నలుపు చూసిందో, ఆ వాసన తగిలిందో, గ్లాసు చేతిలోంచి జారి కింద పడింది.

"లేమ్మా," అంది. కోడలిని ఆవిడ 'అమ్మా' అని ఎప్పుడూ పిలవలేదు. "లే. నేనూ వస్తాను."

డైరెక్టరుగారి కారే ఆసుపత్రికి వెళ్ళింది. భటుడి వేషం వేసే అతను భటుడి చొక్కాలోనే బండి నడిపాడు. మిషనమ్మ మెడలో టేపు అలాగే ఉంది.

డాక్టరమ్మ చిన్న వయసుదే. కాలు చూసింది, వేలికి చిన్న సూది గుచ్చి ఒక చుక్క రక్తం తీసింది, పరికరం మీద అంకె చూసి కనుబొమలు ముడిచింది.

"షుగరు ఎప్పట్నుంచి ఉందండీ?"

"నాకా? నాకు షుగరు లేదండీ."

"పరీక్ష చేయించుకున్నారా?"

"లేదు."

"మరి లేదని ఎలా తెలుసు?"

"ఉందని ఎవరూ చెప్పలేదు కదండీ," అంది మిషనమ్మ మర్యాదగా.

డాక్టరమ్మ నవ్వలేదు. దాహం వేస్తోందా, మాటిమాటికీ లేవాల్సి వస్తోందా, కళ్ళు మసకగా ఉంటున్నాయా అని అడిగింది. ఆవిడ దేనికీ తిన్నగా చెప్పలేదు. మాస్టారే ఒక్కోదానికీ తల ఊపుతూ వచ్చాడు.

"ఈ మధ్య బరువు తగ్గారా?"

ఇక్కడ మాత్రం మిషనమ్మ నిటారుగా కూర్చుంది. "లేదండీ. నా స్కర్టులన్నీ సరిగ్గా సరిపోతున్నాయి. నేను టైలర్ని, ఆ సంగతి నాకు తెలీదా?"

అమ్మడికి ఏదో తట్టింది.

"అమ్మా, ఈ స్కర్టు ఏ ఆదితో కుట్టావు?"

"నా ఆదితోనే. మేకుకి వేలాడుతుందే, ఆ గోధుమరంగుది."

"ఆ గోధుమరంగుదాన్ని ఎప్పుడైనా బిగించావా?"

మిషనమ్మ మెడలోని టేపు చివర వేలికి చుట్టుకుంది.

"ఆది అంటే ఏంటి?" అంది డాక్టరమ్మ.

"కొలతకిచ్చే బట్టండీ," అన్నాడు మాస్టారు. "ఒంటికి సరిగ్గా సరిపోయే పాతది ఒకటి ఇస్తారు. దాన్ని చూసి కొత్తది కుడతాం. దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. మా కొట్లో ఆది బట్ట జోలికి ఎవరైనా వెళ్తే ఈవిడ ఊరుకోదు." అంటూనే భార్య వంక చూశాడు. "ముట్టుకున్నావా?"

"వదులైందండీ," అంది మిషనమ్మ. "పాతది కదా, సాగిందేమో అనుకున్నా. పక్కల ఒక కుట్టు వేశాను. కొన్నాళ్ళకి మళ్ళీ వదులైంది. మళ్ళీ వేశాను. దాన్ని చూసి కొత్తవి కుట్టుకున్నాను. అవీ వదులైతే..."

మాట పూర్తి చెయ్యలేదు. మెల్లగా లేచి, మెడలోంచి టేపు తీసింది. ఊళ్ళో అందరి నడుముకీ చుట్టిన ఆ టేపుని తన నడుముకి చుట్టుకుంది. చివర రెండూ కలిసిన చోట వేలు పెట్టి అంకె చూసింది. ఇంకోసారి బిగుతు లేకుండా చుట్టి చూసింది.

"ఏంటమ్మా?"

"ఇది ఆ పిల్లది," అంది మిషనమ్మ, ఎక్కడో చూస్తూ. "యువరాణి వేషం వేసే పిల్ల నడుము ఇది. నాది కాదు."

అప్పటిదాకా పంతంగా ఉన్న మనిషి ఒక్కసారిగా భయపడింది. మొగుడి చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.

మాస్టారు ఆ చెయ్యి వదలకుండానే మాట్లాడాడు. ఆయన అంతసేపు మాట్లాడటం ఎవరూ ఎరగరు.

"ఆదిని బిగించింది నువ్వొక్కదానివే కాదే. మనమంతా అదే చేశాం. మూడు పూటలా తినే మనిషివి రెండు పూటలు చేశావు, మేం అలవాటు పడ్డాం. రెండు పోయి టీ ఒక్కటే అయింది, దానికీ అలవాటు పడ్డాం. మధ్యాహ్నం నడుం వాల్చడం మానేశావు. తర్వాత ఆదివారం మానేశావు. ఒక్కోటీ తగ్గినప్పుడల్లా ఇదే సరైన కొలత అనుకుని నడిపేశాం. పైగా నా భార్య నిద్ర కూడా పోదని అందరితో గొప్పగా చెప్పుకున్నాను. సిగ్గు లేకుండా."

మామ్మ గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. ఆవిడా తల వంచుకుంది.

డాక్టరమ్మ కాగితం రాయడం మొదలుపెట్టింది. షుగరు బాగా పెరిగి పాదాల్లో నరాలు మొద్దుబారాయని, అందుకే సూదీ పెడలూ రెండూ తెలియలేదని చెప్పింది. పుండు ఎముక దాకా పోలేదు. ఇవాళే చేర్చుకుంటామంది. శనివారం దాకా ఆగి ఉంటే వేలు తీసేయాల్సి వచ్చేదని, ఇంకా ఆగితే పాదమే పోయేదని అంది.

"పెడలు తొక్కే పాదం," అంది మిషనమ్మ తనలో తాను.

"అంతకంటే ముందు, నడిచే పాదం," అంది డాక్టరమ్మ.

శనివారం రానే వచ్చింది. ఈ నాలుగు రోజుల్లో ఆ ఇంట్లో జరిగింది చెప్పాలంటే అదే ఒక నాటకం. డైరెక్టరుగారు తన గుంపునంతా వెంటబెట్టుకుని వచ్చి, "మాస్టారూ, పని చెప్పండి," అన్నాడు. రాజు తన గుండీలు తనే కుట్టుకున్నాడు. మంత్రి సూదిలో దారం ఎక్కించడానికి ఒక పూట తీసుకున్నాడు. అమ్మడు మరకపడ్డ కుచ్చెళ్ళు కత్తిరించేసి గౌనుని పొట్టి చేసింది. చీకటి పడేసరికి మాస్టారు అందరినీ బలవంతంగా ఇళ్ళకి పంపేశాడు. ఎవరైనా 'ఇంకొక్క కుట్టు' అంటే ఇస్త్రీ పెట్టె చూపించి బెదిరించాడు. రాణిగారి పైవస్త్రం పూర్తి కాలేదు. అది లేకుండానే ఆవిడ స్టేజీ ఎక్కింది.

ఆదివారం పొద్దున, ఆసుపత్రి గదిలోకి డైరెక్టరుగారు చివరి వరసకి వినిపించే గొంతుతో వచ్చాడు. నర్సు వచ్చి కసిరితే చేతులు జోడించి, మళ్ళీ అదే గొంతుతో మొదలుపెట్టాడు.

"అమ్మా, హాలు నిండిపోయింది. తెర లేవగానే చప్పట్లు. మనుషుల్ని చూసి కాదు, బట్టల్ని చూసి. యువరాణి పొట్టి గౌనులో పరిగెత్తుకుంటూ వస్తే ఎంత బాగుందో, ఇకముందు అలాగే ఉంచేస్తాం. చివర్లో మీ పేరు చదివితే జనం లేచి నిలబడ్డారు."

మిషనమ్మ దిండుకి ఆనుకుని వింటోంది. కాలికి తెల్లటి కట్టు, చేతికి సెలైను. ముఖంలోకి నెత్తురు పాకింది.

"నాటకశాల వాళ్ళు రాత్రే ఇంకో నాటకం ఒప్పుకున్నారు," అన్నాడు డైరెక్టరుగారు మంచం చివర కూర్చుంటూ. "ఈసారి పెద్దది. యుద్ధం. రెండు సైన్యాలు. అందరికీ బట్టలు కావాలి, తలపాగాల దగ్గర్నుంచి. వేరే ఊళ్ళల్లో కూడా ఆడతాం. కుట్టేది మీరేనని మాట ఇచ్చేశాను. వచ్చే నెలలో తెర లేవాలి."

అమ్మడు చేస్తున్న పని ఆపేసింది. మాస్టారు కిటికీ దగ్గర నిలబడిపోయాడు, మామ్మ మూల కుర్చీలోంచి తలెత్తింది. రెండు సైన్యాలు. అలాంటి పని ఆ వీధిలో ఎవరికీ రాలేదు, మళ్ళీ వస్తుందన్న నమ్మకమూ లేదు. మిషనమ్మ కళ్ళు మెరవడం ముగ్గురూ చూశారు. ఆవిడ పెదాలు 'చేస్తానండీ' అనడానికి సిద్ధమవడం కూడా చూశారు. ఎవరూ అడ్డం రాలేదు. ఈ ఒక్క మాట ఆవిడ తరఫున ఇంకెవరూ చెప్పలేరని ముగ్గురికీ తెలుసు.

మిషనమ్మ దుప్పటి అంచు వేళ్ళతో మడిచింది, విప్పింది.

"వచ్చే నెలలో కాదండీ," అంది.

"అంటే?"

"నాకు సెలవు కావాలి." దుప్పటి వదిలేసింది. "కాలు మానాలి. డాక్టరమ్మ తొక్కమన్నాకే పెడలు తొక్కుతాను. తర్వాత కూడా చీకటి పడితే మిషను కట్టేస్తాను. ఆదివారం కొట్టు తియ్యను. ఇంత పని ఒక్కదాన్నీ చెయ్యను, మనిషిని పెట్టుకుంటాను. ఆలస్యమవుతుంది. అంత ఆగలేమంటే వేరేవాళ్ళకి ఇచ్చేయండి. నేనేమీ అనుకోను."

ఆ చివరి మాట అబద్ధం. అది చెప్పడానికి ఆవిడకి ప్రాణం పోయినంత పనైంది. తల దించుకుని, ఆయన ఏమంటాడోనని ఎదురుచూసింది.

డైరెక్టరుగారు గడ్డం గోక్కున్నాడు.

"సరేనమ్మా," అన్నాడు. "యుద్ధం రెండు నెలలు వాయిదా వేద్దాం. సైన్యాలు ఎక్కడికి పోతాయి? అన్నట్టు, శత్రువులకి ఏ రంగు బాగుంటుందంటారు? తొందరేం లేదు, ఆలోచించి చెప్పండి." అని లేచి, అందరికీ నమస్కారం పెట్టి, వసారాలో మళ్ళీ నర్సు చేత చీవాట్లు తింటూ వెళ్ళిపోయాడు.

మిషనమ్మ తలుపు వంకే చూస్తూ ఉండిపోయింది.

"అంతేనా?" అంది.

మాస్టారు వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"సరే అనేశాడండీ. అడిగితే సరే అన్నాడు. ఒక్క మాట కూడా అనలేదు." మొగుడి వైపు, కూతురి వైపు తిరిగి చూసింది. "ఇన్నేళ్ళూ నేను అడగనే లేదు కదూ?"

ఇంక ఆపుకోలేకపోయింది. ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. అమ్మడు మంచం మీదికెక్కి తల్లిని వాటేసుకుంది. ఆ భుజాలు ఎంత చిన్నవైపోయాయో చేతులకి తెలిసి తనూ ఏడ్చింది. ప్రెస్సు గురించి అన్న మాటకి మిషనమ్మ మాస్టారు చెయ్యి పట్టుకుని క్షమించమంది. ఆయన ఆ సంగతి ఎప్పుడో మర్చిపోయానన్నాడు. మర్చిపోలేదు గానీ, ఆ క్షణంలో మర్చిపోయాడు.

మూల కుర్చీలో ఉన్న మామ్మ కర్ర పట్టుకుని లేచి వచ్చింది. కోడలి తల కింద దిండు సర్దింది. దుప్పటి మెడ దాకా లాగింది.

"నీ తప్పేం లేదమ్మా," అంది. "నువ్వడగలేదు సరే. నీ ముందు టీ తాగుతూ నిలబడి నేను మాత్రం ఎప్పుడైనా చెప్పానా, కాసేపు పడుకో అని?" కళ్ళు తుడుచుకుని, ఎప్పటి గొంతు తెచ్చుకుంది. "ఇప్పుడు చెప్తున్నా. పడుకో. నిన్నెవరైనా లేపితే, డాక్టరమ్మైనా సరే, నాతో పెట్టుకున్నట్టే."

బయట ఎండ బాగా ఎక్కింది. వసారాలో జనం నడుస్తున్నారు. మామ్మ కుర్చీని తలుపుకి అడ్డంగా లాక్కుని కూర్చుంది. మిషనమ్మ కళ్ళు మూసుకుని, పట్టపగలు, అందరి ముందూ, హాయిగా నిద్రపోయింది.